ఆడని మ్యాచ్‌తో తీరిన శిక్ష

సింగపూర్‌లోని మా తెలుగువాళ్ల క్రికెట్ క్లబ్బు ఈమధ్య ఒక సావనీరు వేసింది. నిగనిగలాడే కాగితం, పేజీ నిండా రంగుల ఫొటోలు. జ్ఞాపకాలు రాసివ్వమని అందరినీ అడిగారు. ఒక్క సీజన్ ఆడి మెల్‌బోర్న్ వెళ్లిపోయినవాణ్ణి అడిగారు. పిచ్ మీద కప్పే ప్లాస్టిక్ పట్టా అమ్మినవాణ్ణి కూడా అడిగారు. రిటైరయ్యేదాకా ఆ టీంకి మేనేజర్‌గా పనిచేసిన నన్ను మాత్రం అడగలేదు. అడగకపోయినా రాసి పంపాను. జవాబుగా మూడు ఇంగ్లీషు ముక్కలు వచ్చాయి: నోటెడ్ విత్ థాంక్స్. సింగపూర్ ఆఫీసుల్లో పనిచేసినవాళ్లకి ఆ మాట అర్థం తెలుసు. నువ్వు చెప్పింది చదివాం, ఇక వెళ్లొచ్చు అని. మళ్లీ రాశాను. మళ్లీ అదే వచ్చింది. అందుకని ఈసారి వాళ్లకి కాకుండా మీకు రాస్తున్నాను. ఏదో ఒక టీంకి రేపు మేనేజరో, కెప్టెనో, కమిటీ సభ్యుడో కాబోయే కుర్రవాళ్లకి.

టీం మేనేజర్ అంటే పెద్ద పదవి అనుకోకండి. గ్రౌండ్ బుక్ చేయాలి, అంపైర్లకి ఫోన్ చేయాలి, కిట్ బ్యాగులు లెక్క చూసుకోవాలి, మంచినీళ్ల డబ్బాలు మోయించాలి. అంతకుముందు నేను షిప్పింగ్ కంపెనీలో కంటైనర్లు కదిలించేవాణ్ణి. కంటైనర్లు ఎదురు మాట్లాడవు. ఆటగాళ్లు మాట్లాడతారు, అదొక్కటే తేడా. మేనేజర్ చేతిలో ఇంకో పని కూడా ఉంటుంది. ఆటగాడు గ్రౌండ్ బయట తప్పు చేస్తే కమిటీకి రాసివ్వాలి. ఈ పని ఒకటుందని మా వాళ్లు నన్ను చేర్చుకునేటప్పుడు చెప్పారు. చేయకూడదని మాత్రం చెప్పలేదు.

మా టీంలో ఒక ఓపెనింగ్ బ్యాట్స్‌మన్ ఉండేవాడు. హైదరాబాద్ కుర్రాడు, ఇక్కడ బ్యాంకులో ఉద్యోగం. కవర్ డ్రైవ్ కొడితే అంపైర్ కూడా చూస్తూ నిలబడిపోయేవాడు. అతను ఆడితే గెలిచేవాళ్లం, ఆడకపోతే ఓడిపోయేవాళ్లం. ఈ సంగతి టీంలో అందరికంటే ముందు అతనికి తెలుసు.

మా క్లబ్బులో టోపీ ఒక పెద్ద తంతు. మొదటి మ్యాచ్ రోజు కొత్తవాణ్ణి మధ్యలో నిలబెట్టి, చుట్టూ అందరూ భుజాల మీద చేతులు వేసుకుని నిలబడితే, కెప్టెన్ టోపీ పెడతాడు. టోపీ నేలమీద పెట్టకూడదు, కాలు తగలకూడదు, వేరేవాళ్లకి ఇవ్వకూడదు. కళ్ల నీళ్లు పెట్టుకున్నవాళ్లని చూశాను. నాకు టోపీ ఇవ్వలేదు లెండి. మేనేజర్లకి ఇచ్చే ఆచారం లేదన్నారు. సావనీరు కమిటీ వాళ్లకి మాత్రం ఇచ్చారు.

సెమీఫైనల్ గెలిచిన సాయంత్రం మకాన్‌కి, ఇక్కడి మాటలో తిండికి, అందరం బెడోక్ వెళ్లాం. చవక తిండి దుకాణాలన్నీ ఒకే కప్పు కింద ఉండే అక్కడి హాకర్ సెంటర్ ఆదివారం కిటకిటలాడుతుంది. కూర్చునే చోటు దొరికితే టిష్యూ పొట్లం పడేసి చోప్ చేసుకుని తిండికి క్యూలో నిలబడతారు, అది ఈ ఊరి పద్ధతి. మా ఓపెనర్ దగ్గర టిష్యూ లేదు. తలమీద టోపీ తీసి టేబుల్ మీద పెట్టి వెళ్లాడు. నేలమీద పెట్టకూడని టోపీని చికెన్ రైస్ ఎంగిలి ఆరని బల్ల మీద పెట్టొచ్చని ఏ ఆచారంలో ఉందో నాకు తెలియదు.

అక్కడ బల్లలు తుడిచే క్లీనర్ ఆంటీ ఒకామె ఉంది. నాకంటే కొంచెం పెద్దది. నలుపు, పొట్టి, జుట్టు బిగించి కట్టిన ముడి, వదులైన యూనిఫాం చొక్కా. చూసి తమిళామె అనుకున్నాం. ఆమె బల్ల తుడవాలని టోపీ తీసి స్టూల్ మీద పెట్టింది. అటువైపు పోతున్న ఎవరి సంచో తగిలి టోపీ కింద పడింది. అప్పుడే ట్రేతో మా ఓపెనర్ వచ్చాడు.

అతను అన్న మాట ఇక్కడ రాయను. తెలుగులో అన్నాడు. ఆమె తల్లిని కలిపి అన్నాడు. ఇంగ్లీషులో అయితే పక్కవాళ్లకి అర్థమవుతుంది, ఫోన్లు పైకి లేస్తాయి, మర్నాటికి ఊరంతా తిరుగుతుంది. అందుకని తెలుగులో అన్నాడు, మా వైపు చూసి నవ్వుతూ అన్నాడు. ఈ ఊళ్లో మన భాష మనకి గోడలాంటిది కదా, దాని వెనక నిలబడి ఎవరినేమైనా అనొచ్చని మనవాళ్ల ధీమా. ట్రైన్‌లో అంటారు, లిఫ్ట్‌లో అంటారు, ఆఫీసులో బాస్ ఎదురుగానే అంటారు. మా వాళ్లలో ఇద్దరు నవ్వారు కూడా. తర్వాత ఆమె చేతిలో ఉన్న ట్రేని అతను మోచేత్తో తోశాడు. ఎవరో వదిలేసిన లక్సా పులుసు ఆమె కాన్వాసు బూట్ల మీద ఒలికింది.

ఆమె ముందు నేల తుడిచింది. తర్వాత బూట్లు తుడుచుకుంది. తర్వాత లేచి, గొంతు పెంచకుండా అంది.

“నాకు తెలుగు వచ్చును బాబూ. మా అమ్మ తెలుగులోనే కొట్టీది, తెలుగులోనే బువ్వ పెట్టీది. ఆమె పోయి చాన్నాళ్లయింది.”

మనిషన్నవాడు అక్కడ సిగ్గుపడాలి. మా ఓపెనర్‌కి సిగ్గు రాలేదు, కోపం వచ్చింది. చాటుగా అన్నది బయటపడితే కొందరికి అలాగే వస్తుంది. క్షమాపణ చెప్పమని నేను అక్కడే అన్నాను. “అంకుల్, మీరు కిట్ బ్యాగులు చూస్కోండ్రి. గిది మీ పని కాదు” అన్నాడు. టోపీ దులుపుకుని పెట్టుకుని వెళ్లిపోయాడు. కెప్టెన్ మాత్రం చివర ఈ ఊరి ‘లా’ తగిలించి ఆమెతో “జోకింగ్ ఓన్లీ లా, ఆంటీ” అన్నాడు. ఎవరు ఎవరితో జోకు వేశారో అతను చెప్పలేదు.

అందరూ వెళ్లాక నేను కాసేపు ఆమె దగ్గర కూర్చున్నాను. వాళ్ల తాత విశాఖపట్నం వైపు నుంచి మలయా తోటలకి వచ్చినవాడట. తండ్రి సెంబవాంగ్ నౌకా స్థావరంలో పనిచేశాడట. భర్త తమిళుడు, పిల్లలకి తమిళం, ఇంగ్లీషు. “నన్ను చూసి అందరూ తమిళంలోనే మాట్లాడతారు. అమ్మ పోయినాక నాతో తెలుగు మాట్లాడినోళ్లు లేరు బాబూ. ఇన్నాళ్లకి ఒకడు మాట్లాడినాడు. చూడు, ఏటి మాట్లాడినాడో” అంది.

ఆమెకి ఏం కావాలని అడిగాను. పోలీసులు వద్దంది. ఆ పిల్లాడి ఉద్యోగానికి ఏం కాకూడదంది. “తెలుగులో తిట్టినాడు కదా. తెలుగులోనే తప్పయిందని చెప్పమను. చాలు” అంది.

ఆ ఒక్క వాక్యం కోసం తర్వాత జరిగిందంతా జరిగింది. ఆ వాక్యం మాత్రం ఇప్పటికీ రాలేదు.

మర్నాడు రిపోర్టు పట్టుకుని తంజోంగ్ పగార్ వెళ్లాను. మా క్లబ్బు అధ్యక్షుడి ఆఫీసు అక్కడ ఒక ఎత్తైన బిల్డింగ్‌లో ఉంటుంది. ఆయన కృష్ణా జిల్లా మనిషి, మర్యాదస్థుడు. ఎదురుగా స్పాన్సర్ కంపెనీ ఆయన కూర్చుని ఉన్నాడు. ఆయనకి పింగాణీ కప్పులో కాఫీ ఇచ్చారు, నాకు కాగితం కప్పులో. అది నేను మర్చిపోయానని అధ్యక్షుడు గారు అనుకుంటూ ఉండవచ్చు.

“ఏవండీ, అది గ్రౌండ్ కాదు. హాకర్ సెంటర్. బయట కుర్రాళ్లు ఏం చేస్తున్నారో చూస్తూ కూర్చుంటే టీం నడుస్తుందా?” అన్నారు అధ్యక్షుడు గారు.

“టోపీ మనదే కదండీ. అది కిందపడితే క్లబ్బు పరువు పోయిందని అతనికి కోపం వచ్చింది. అతని నోట్లోంచి పడిన మాటకి మాత్రం క్లబ్బుతో సంబంధం లేదా?”

ఆయన నా రిపోర్టుని పక్కకి జరిపారు. “అయినా తెలుగులో అన్నాడు. అక్కడ ఎవరికి అర్థమైంది చెప్పండి.”

“ఆమెకి అర్థమైంది.”

“అదేనండీ దురదృష్టం” అన్నారు. మనస్ఫూర్తిగా అన్నారు. ఆయన దృష్టిలో ఆమె తెలుగు తల్లికి పుట్టడమే ఆ సాయంత్రం జరిగిన పొరపాటు.

ఇక్కడ ఒక పాత సంగతి చెప్పాలి. ఆ సీజన్ మొదట్లోనే మా రిజర్వ్ వికెట్ కీపర్‌ని మిగిలిన మ్యాచ్‌లన్నిటికీ పక్కన పెట్టారు. అతను షిప్‌యార్డ్‌లో టెక్నీషియన్. స్పాన్సర్ ఇచ్చిన విందుకి రాలేదు, షిఫ్ట్ మార్చుకోవడం కుదరలేదు. అతని నేరం అంతే. ఆనాడు ఇదే అధ్యక్షుడు గారు క్రమశిక్షణ గురించి చాలాసేపు మాట్లాడారు. ఆటకంటే మనిషి ముఖ్యం, మనిషికంటే టీం ముఖ్యం అన్నారు. నేను కూడా తల ఊపాను, అంత బాగా మాట్లాడారు. కానీ ఆ కీపర్‌కి సగటు లేదు, శతకాలు లేవు. మా క్లబ్బులో క్రమశిక్షణ బ్యాటింగ్ ఆర్డర్‌కి తలకిందులుగా ఉండేది. పదకొండో నంబరు వాడికి కావలసినంత నీతి ఓపెనర్‌కి అవసరం లేదు.

విచారణ కమిటీలో ముగ్గురు. అధ్యక్షుడు గారికి ఫైనల్ కప్పు కావాలి. స్పాన్సర్‌కి కప్పుతో ఫొటో కావాలి. కెప్టెన్ రెండో ఓపెనర్, అవతలి వైపు తోడు కావాలి. అతను ఆడకపోతే నష్టపోయే ముగ్గురినీ ఏరి అతని మీద తీర్పు చెప్పమన్నారు. కుర్రాళ్లూ, ఇది గుర్తుపెట్టుకోండి. ఒకడి పరుగులు కావలసినవాళ్లు ఆ ఒకడికి శిక్ష వేయకూడదు. పక్క క్లబ్బు నుంచి ఒక పెద్దమనిషిని పిలవండి. ఆటే తెలియని మనిషి అయితే ఇంకా మంచిది. ఏ క్లీనర్లలోనో, బస్సు డ్రైవర్లలోనో ఒకరిని కూర్చోబెట్టినా పర్వాలేదు. వాళ్లకి కవర్ డ్రైవ్ కనపడదు, మనిషి కనపడతాడు.

ఆమెని పిలిచి వినమన్నాను. మా అంతర్గత విషయంలో బయటివాళ్లెందుకన్నారు. తిట్లు పడింది బయటిమనిషి, విషయం మాత్రం అంతర్గతం.

తీర్పు వచ్చింది. ఒక మ్యాచ్ నిషేధం, క్లబ్బు పేజీలో ఇంగ్లీషులో ప్రకటన. ‘ఎవరికైనా బాధ కలిగి ఉంటే చింతిస్తున్నాం’ అని అందులో ఉంది. ఎవరు బాధ పెట్టారో లేదు, ఎవరికి కలిగిందో లేదు, ఏమన్నాడో అసలే లేదు. అది చదివినవాడికి క్లబ్బులో ఎవరో చనిపోయారేమో అనిపిస్తుంది.

ఆ ఒక్క మ్యాచ్ కూడా ఫైనల్ కాదు. ఫైనల్‌కి ముందు, వానకి వాయిదాపడి మిగిలిపోయిన లీగ్ మ్యాచ్ ఒకటుంది, గెలిచినా ఓడినా ఎవరికీ పట్టనిది. శిక్ష కింద దాన్ని చూపించారు. ఆ నెలంతా మధ్యాహ్నం అయ్యేసరికి ఆకాశం నల్లబడుతూనే ఉంది. ఆ రోజు కూడా నల్లబడింది. మైదానం పక్క స్తంభం మీద ఎర్రదీపం తిరిగింది, పిడుగు హెచ్చరిక సైరన్ మోగింది. ఈ ఊళ్లో అది మోగాక గ్రౌండ్‌లో ఎవరూ ఉండకూడదు. టాస్ కూడా వేయలేదు. అందరూ పెవిలియన్‌లో కూర్చున్నారు. శిక్ష పడినవాడు వాళ్ల మధ్యనే కూర్చుని పరోటా తింటున్నాడు. రెండు టీంలూ ఆ రోజు అతని శిక్షని అతనితో పాటు అనుభవించాయి. అంపైర్లు కూడా.

సాయంత్రం కెప్టెన్ చేతులు దులుపుకున్నాడు. శిక్ష అయిపోయింది, ఫైనల్ ఆడతాడన్నాడు. మ్యాచ్ జరగనే లేదు కదా అన్నాను. ఫిక్స్చర్ జాబితాలో ఉంది కాబట్టి మ్యాచేనట. మేఘాలు ఉరిమితే శిక్ష పూర్తవుతుందని మా నిబంధనలు రాసినవాడికి కూడా తెలిసి ఉండదు. ఇంకోటి గుర్తుపెట్టుకోండి. నిషేధం అంటే అతను లేకుండా టీం ఆడాలి, ఆ లోటు అందరికీ తగలాలి. అలా తగలనప్పుడు అది శిక్ష కాదు, సెలవు.

నేను ఊరుకోలేదు. అధ్యక్షుడు గారి చుట్టూ తిరిగాను. ఫోన్ ఎత్తకపోతే ఆఫీసు కింద లిఫ్ట్ దగ్గర నిలబడ్డాను. నా మొహం చూడలేక చివరికి ఒప్పుకున్నారు. ఫైనల్ రోజు టాస్‌కి ముందు ఆమెని గ్రౌండ్‌కి పిలవండి, అందరి ఎదుట చెప్పిస్తాను, తెలుగులోనే చెప్పిస్తాను అన్నారు. ‘మాటిస్తున్నానండీ’ అన్న మాట కూడా వాడారు.

బెడోక్ వెళ్లి ఆమెకి చెప్పాను. షిఫ్ట్ మార్చుకుంది. ఫైనల్ సెంబవాంగ్ వైపు గ్రౌండ్‌లో. తను చిన్నప్పుడు తిరిగిన చోటే కాబట్టి దారి చూపించక్కర్లేదంది. వచ్చింది. ఆకుపచ్చ చీర, తలలో పూలు, చేతిలో ఒక డబ్బా. డబ్బాలో పాండాన్ ఆకు వేసి చేసిన కుయెలు, ఇక్కడి కొబ్బరి మిఠాయిలు. ఎవరికని అడిగాను.

“ఆ అబ్బాయికి. తప్పయిందన్నాక పిల్లాడిని ఉత్త నోటితో పంపిస్తామా” అంది.

నేను ఆ డబ్బా పెవిలియన్ బల్ల మీద భద్రంగా పెట్టి, ఆమెని షామియానా కింద కూర్చోబెట్టాను. టాస్ వేళకి స్పాన్సర్ ఫొటోగ్రాఫర్ వచ్చాడు. ఆమె చేతిలో పూలగుత్తి పెట్టారు, వెనక స్పాన్సర్ బ్యానర్ పెట్టారు. నన్ను కొంచెం పక్కకి జరగమన్నారు. మా ఓపెనర్ బ్యాటు చంకలో పెట్టుకుని, నల్ల కళ్లద్దాలతో, టోపీ పెట్టుకుని వచ్చాడు. కెమెరా వైపు తిరిగి ఆమె భుజం మీద చేయి వేశాడు.

“నో హార్డ్ ఫీలింగ్స్, ఆంటీ” అన్నాడు.

అంటే ఆమెని క్షమించేశాడన్నమాట. టోపీ కింద పడేసినందుకు.

ఆమె నవ్వుతూనే ఉంది, ఇంగ్లీషు అయ్యాక అసలు మాట వస్తుందనుకుంది. రాకపోయేసరికి మెల్లగా అంది. “తెలుగులో చెప్పు బాబూ.”

అతను అధ్యక్షుడు గారి వైపు చూశాడు. నేనూ చూశాను. ఆమె కూడా చూసింది. అధ్యక్షుడు గారు గడియారం చూసుకున్నారు. “టాస్‌కి టైం అయిందండీ” అన్నారు. తెలుగులోనే అన్నారు. ఆ రోజు ఆమె కోసం గ్రౌండ్‌లో వినబడిన తెలుగు అంతే.

ఆమె కాసేపు కూర్చుంది. ఏ అబ్బాయి బ్యాటింగ్ చేస్తున్నాడో అడిగింది, అతనే అని చెప్పాను. నాలుగు ఫోర్లు చూసింది. “బాగా కొడతన్నాడు” అంది. లేచి, పూలగుత్తి కుర్చీలో పెట్టి, స్టేషన్ వైపు నడిచింది. డబ్బా సంగతి నాకు తర్వాత గుర్తొచ్చింది. పెవిలియన్‌కి వెళ్లేసరికి ఖాళీ. డ్రింక్స్ విరామంలో కుర్రాళ్లు పంచుకున్నారట. మా ఓపెనర్ అవుటై వచ్చి రెండు తిన్నాడు, ఎవరు తెచ్చారో తెలిసే తిన్నాడు, చాలా బాగున్నాయన్నాడట.

మేం గెలిచాం.

బహుమతుల దగ్గర స్పాన్సర్ కంపెనీ పెద్దావిడ, సింగపూర్ చైనీస్ ఆమె, ఆ చీర కట్టుకున్న ఆంటీ ఎవరని నన్ను అడిగింది. అడిగింది కాబట్టి చెప్పాను. మొదటి నుంచి చివరిదాకా, ఇంగ్లీషులో, అందరికీ వినబడేలా చెప్పాను. ఆవిడ కప్పు అందించేటప్పుడు మా ఓపెనర్‌తో చేయి కలపలేదు. ఈ వ్యవహారంలో అతనికి ఎవరైనా వేసిన శిక్ష ఏదైనా ఉందంటే అదే.

తర్వాత నా మీద విచారణ జరిగింది. టీం విషయం బయటపెట్టానని. అదే ముగ్గురు, అదే గది. కాగితం కప్పులో కాఫీ చల్లారేలోగా తేలిపోయింది. రిటైర్మెంట్ దగ్గరే ఉంది కాబట్టి కాస్త ముందుగా ఇంటికి వెళ్లమన్నారు. ఆ రోజు సైరన్ మోగలేదు. ఆకాశం నిర్మలంగా ఉంది. నా శిక్షకి ఏ పిడుగూ అడ్డు రాలేదు.

ఇప్పుడు సావనీరు సంగతి. మధ్య పేజీలో ఆ ఫొటో వేశారు. ఆకుపచ్చ చీరలో ఆమె, భుజం మీద అతని చేయి, వెనక స్పాన్సర్ బ్యానర్, అంచున ఒక మోచెయ్యి. ఆ మోచెయ్యి నాది. కింద రాసిన వాక్యం: ‘మా టీంకి స్థానిక సమాజం చూపిన ప్రేమ. ఫైనల్‌కి ఆశీస్సులు అందించిన మా అభిమాని.’ ఆ ఓపెనర్ ఇప్పుడు అదే క్లబ్బులో పిల్లలకి కోచ్. లోపలి పేజీలో వ్యాసం కూడా రాశాడు, టోపీ విలువ గురించి.

మా అమ్మాయికి చూపించాను. ఇక్కడే పుట్టి పెరిగింది. “లీవ్ ఇట్ లా, నాన్నా. నోబడీ రిమెంబర్స్” అంది. ఎవరికీ గుర్తులేదనేదే నా ఫిర్యాదు అని చెప్పాను. గుర్తుండాల్సినవాళ్లకి గుర్తుండదు, గుర్తున్నవాణ్ణి సావనీరుకి రాయమనరు.

ఆమె ఇప్పటికీ అక్కడే పనిచేస్తోంది, పొద్దుటి షిఫ్ట్. నేను వారానికోసారి కాఫీకి వెళతాను. తెలుగులో మాట్లాడుకుంటాం, కూరల గురించీ మోకాళ్ల గురించీ. సావనీరు ఆమెకి చూపించలేదు. మొదట్లో వెళ్లినప్పుడల్లా అడిగేది, “ఆ బాబు ఏటన్నాడు?” అని. ఇంకా ఏమీ అనలేదని చెప్పేవాణ్ణి. ఈమధ్య అడగడం మానేసింది. నన్ను ఇబ్బంది పెట్టకూడదని మానేసిందని నాకు తెలుసు. తిట్లు పడినావిడ నా మీద జాలిపడుతోంది. మా క్లబ్బు క్రమశిక్షణ వ్యవహారం చివరికి అక్కడ తేలింది.

అధ్యక్షుడు గారూ, ఇది మీరు చదువుతారు. మీ పేరు రాయలేదు కాబట్టి మీరు కాదనుకోకండి. మాటిచ్చింది మీరు, గడియారం చూసుకున్నదీ మీరే. హాకర్ సెంటర్ ఎక్కడికీ పోలేదు. ఆ బల్ల అక్కడే ఉంది, నాలుగు స్టూళ్లతో. ఈసారి ఫొటోగ్రాఫర్ వద్దు, పూలగుత్తి వద్దు, ప్రకటన వద్దు. మీ కోచ్‌ని వెంటబెట్టుకుని రండి, టోపీ ఇంట్లో పెట్టి రమ్మనండి. అతను చెప్పాల్సింది ఒకే ఒక్క మాట, అదీ అతనికి పుట్టుకతో వచ్చిన భాషలో. ఏ రోజు వస్తారో చెప్పండి, ఆమెకి చెప్పాలి. ‘నోటెడ్ విత్ థాంక్స్’ అని మాత్రం పంపకండి. రోజు చెప్పండి.